వడ్డీ లేని చందా: ఇస్లామిక్ క్రౌడ్‌ఫండింగ్ మీద పరిశోధన ఎంతవరకు వచ్చింది?

2012లో కైరోలో షెక్రా అనే సంస్థ మొదలైంది. కొత్తగా వ్యాపారం పెట్టుకునేవాళ్లకు వడ్డీ అప్పు బదులు వాటాదారులను వెతికిపెట్టడం దాని పని. ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ గద్దె దిగిన మరుసటి ఏడాది అది. రెండేళ్ల తర్వాత షెక్రా వ్యవస్థాపకుల్లో ఒకరైన షెహాబ్ మర్జ్‌బాన్, డర్హం విశ్వవిద్యాలయంలో ఇస్లామిక్ ఆర్థికశాస్త్రం బోధించే మెహ్మెత్ అసుతాయ్ తదితరులతో కలిసి హార్వర్డ్‌లో జరిగిన సదస్సుకు ఒక పత్రం రాశారు. షరియాకు లోబడిన క్రౌడ్‌ఫండింగ్, అంటే ఆన్‌లైన్‌లో చాలామంది నుంచి డబ్బు పోగుచేయడం, ముస్లిం దేశాల్లో కొత్త వ్యాపారాలకు ఊతమిస్తుందన్నది దాని సారాంశం. ఈ అంశంపై తరచూ ఉదహరించే తొలి పత్రాల్లో అదొకటి.

సంస్థను నడిపే మనిషే సిద్ధాంతమూ రాయడంలో తప్పేమీ లేదు. ఆ రోజుల్లో ఈ విషయం తెలిసినవాళ్లే అతి కొద్దిమంది. అయితే పుట్టినప్పుడు పడిన ఆ ముద్ర ఈ పరిశోధనను ఇప్పటికీ వదల్లేదు. ఇది ఎందుకు మంచిదో, ఎలా సాధ్యమో చెప్పే పత్రాలు కుప్పలుగా వచ్చాయి. తీరా చేశాక ఏం జరిగింది, పెట్టిన డబ్బు ఎవరి చేతికి చేరింది, ఎంత తిరిగొచ్చింది అని అడిగినవి చాలా తక్కువ. గత పుష్కరకాలపు రచనలను వరసగా చూస్తే కళ్లకు కట్టే లోటు ఇదే.

ఇస్లామిక్ క్రౌడ్‌ఫండింగ్ అనే ఒక్క పేరు కింద నిజానికి మూడు నాలుగు వేర్వేరు పనులున్నాయి. జకాత్ (తప్పనిసరి దానం), సదఖా (స్వచ్ఛంద దానం) రూపంలో ఇచ్చేది ఒకటి. ఈ కోవలో అమెరికాలోని డెట్రాయిట్ ప్రాంతంలో 2013లో మొదలైన లాంచ్‌గుడ్, అదే ఏడాది ఇండోనేషియాలో పుట్టిన కితాబిసా పేరున్నవి. వక్ఫ్ ఆస్తుల, అంటే ధర్మకార్యాలకు శాశ్వతంగా అంకితం చేసిన ఆస్తుల, అభివృద్ధికి చందాలు పోగుచేయడం రెండోది. చిన్న వ్యాపారాలకు వడ్డీ లేని పద్ధతిలో డబ్బు సమకూర్చడం మూడోది. సింగపూర్‌లోని కాపిటల్ బూస్ట్, దుబాయ్‌లోని బీహైవ్ ఆ దారిలోవి. ఇళ్ల నిర్మాణానికి డబ్బు పెట్టడం, భవనాల్లో వాటాలు కొని అద్దె పంచుకోవడం మరొకటి. సింగపూర్ నుంచి మొదలైన ఎథిస్ ఇండోనేషియాలో పేదల ఇళ్ల నిర్మాణానికి డబ్బు తెచ్చింది. బ్రిటన్‌లో యీల్డర్స్ 2017లో అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ నుంచి పూర్తి అనుమతి పొందింది. వీటి న్యాయసూత్రాలు వేరు, నష్టభయాలు వేరు, ఇచ్చేవాడి మనసూ వేరే. దానమిచ్చిన మనిషి పుణ్యం చూసుకుంటాడు, వాటా కొన్న మనిషి లాభం చూసుకుంటాడు. ఈ రెంటినీ ఒకే ప్రశ్నావళిలో కలిపేసి సగటు తీసిన అధ్యయనాలు కూడా అచ్చయ్యాయి. వాటి ఫలితాలు దేని గురించి చెబుతున్నాయో తేల్చడం కష్టం.

తొలిదశ పత్రాలన్నీ షరియాకూ క్రౌడ్‌ఫండింగ్‌కూ జోడీ కుదురుతుందా అన్న చర్చే. రిబా అంటే వడ్డీ, గరర్ అంటే ఒప్పందంలో మితిమీరిన అనిశ్చితి, మైసిర్ అంటే జూదం. ఈ మూడూ నిషిద్ధం. పొగాకు, మద్యం, పంది మాంసం వంటి వ్యాపారాలకు డబ్బు పెట్టకూడదు. క్రౌడ్‌ఫండింగ్‌లో మధ్యలో బ్యాంకు ఉండదు, పదిమంది నేరుగా ఒక పనిలో పాలుపంచుకుంటారు కాబట్టి ఇది ఇస్లామిక్ ఆదర్శానికి దగ్గరన్నది ఆ పత్రాల వాదన. ఈ వాదనకు గట్టి నేపథ్యమే ఉంది. ఇస్లామిక్ బ్యాంకులు పేర్లు మార్చి వడ్డీ వ్యాపారమే చేస్తున్నాయని తిమూర్ కురాన్ వంటి విమర్శకులు ఎప్పటినుంచో అంటున్నారు. మహ్మూద్ ఎల్-గమాల్ 2006లో వచ్చిన పుస్తకంలో ఇంకో అడుగు ముందుకు వేశారు. ఒప్పందపు అక్షరాన్ని షరియాకు సరిపెట్టే కసరత్తు మాని, సభ్యులే యజమానులుగా ఉండే పరస్పర సహకార సంస్థల వైపు నడవాలని కోరారు. క్రౌడ్‌ఫండింగ్ ఆ కోరికకు జవాబులా కనిపించింది. అందుకే తొలి పత్రాల్లో అంత ఉత్సాహం.

ఒప్పందాల దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. ఆదర్శంగా చెప్పుకునేది ముదారబా. ఒకరు డబ్బు పెడతారు, ఇంకొకరు కష్టపడతారు. లాభమొస్తే ముందే అనుకున్న నిష్పత్తిలో, 60కి 40 అనుకుంటే అలాగే, పంచుకుంటారు. నష్టమొస్తే డబ్బంతా పెట్టుబడిదారుడిదే పోతుంది, వ్యాపారికి తన కష్టం పోతుంది. వ్యాపారి అశ్రద్ధ గానీ మోసం గానీ రుజువైతే తప్ప అతని మీద పూచీ ఉండదు. న్యాయంగా చూస్తే చక్కటి ఏర్పాటు. మూడు వందల మంది తలా కొంత వేసిన చోట మాత్రం ఆ వ్యాపారి లెక్కల పుస్తకం తెరిచి చూసేదెవరు? లాభం తగ్గించి చూపితే కనిపెట్టేదెవరు?

ఈ ఇబ్బంది వల్లే చిన్న వ్యాపారాలకు డబ్బిచ్చే ప్లాట్‌ఫారాలు మురాబహా వైపు మొగ్గాయి. వ్యాపారికి 10 లక్షల సరుకు కావాలనుకుందాం. చందాదారుల తరఫున ఆ సరుకు కొని, ఆరు నెలల తర్వాత చెల్లించేలా 10 లక్షల 60 వేలకు అతనికే అమ్ముతారు. ఆ 60 వేలు వడ్డీ కాదు, అమ్మకం మీద లాభం. సరుకు కొంతసేపైనా నిజంగా అమ్మేవాడి స్వాధీనంలో ఉండాలి, ఆ నష్టభయం అతను మోయాలి. గడువు దాటితే ధర పెంచకూడదు. ఆలస్య రుసుము వేసినా అది దానధర్మాలకే పోవాలి. అంటే చెల్లింపు ఆలస్యమైన ప్రతి నెలా నష్టపోయేది డబ్బు పెట్టిన మనిషే. మామూలు వడ్డీ ప్లాట్‌ఫారంలో ఆలస్యానికి ధర ఉంది, ఇక్కడ లేదు. మరి ఇక్కడ ఆలస్యాలు ఎక్కువా తక్కువా? ఆ భయానికి ముందే లాభం శాతం పెంచుతున్నారా? ఇది లెక్కలతో తేల్చగల ప్రశ్న, తేల్చవలసిన ప్రశ్న. రాసినవాళ్లు మాత్రం ఒప్పందపు బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి ముగించారు.

తవర్రుఖ్ సంగతి ఇంకా చిక్కు. ఒక సరుకును అరువు మీద కొని వెంటనే వేరొకరికి అమ్మి నగదు చేసుకోవడం అది. 2009 ఏప్రిల్‌లో షార్జాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, సంస్థలు ముందే ఏర్పాటు చేసి నడిపే తవర్రుఖ్‌ను అనుమతించరాదని తీర్మానించింది. మలేషియా నియంత్రణ సంస్థలు దాన్ని అనుమతిస్తాయి. గల్ఫ్‌లో సరుకు మారకం ద్వారా నగదు ఇచ్చే పద్ధతి విస్తారంగా నడుస్తోంది, దుబాయ్ బీహైవ్ కూడా సరుకు మురాబహా అనే ఆ పద్ధతి మీదే ఆధారపడింది. ఒకే పేరుతో, ఒకే ధ్రువీకరణ ముద్రతో రెండు దేశాల్లో రెండు రకాల వ్యవహారం నడుస్తున్నప్పుడు సామాన్య చందాదారుడికి ఏం అర్థమవుతుంది? ఈ కోణంలో శ్రద్ధగా చూసిన పని ఒకటో రెండో తప్ప నాకు ఎదురుపడలేదు.

రెండోదశలో పరిశోధన సంఖ్యల్లోకి వెళ్లింది. మంచి మలుపే, కాని ఆ సంఖ్యలు వచ్చిన చోటు చూడాలి. జనం కొత్త సాంకేతికతను ఎందుకు వాడతారో వివరించడానికి 1989లో ఫ్రెడ్ డేవిస్ ఇచ్చిన నమూనా, 1991లో ఐసెక్ అజెన్ ఇచ్చిన ప్రణాళికాబద్ధ ప్రవర్తన సిద్ధాంతం, 2003లో వెంకటేశ్, ఆయన సహచరులు కూర్చిన సమగ్ర నమూనా. ఈ మూడింటిలో ఏదో ఒకటి తీసుకుంటారు. దానికి మతనిష్ఠ, నమ్మకం, షరియా మీద అవగాహన అనే అంశాలు జోడిస్తారు. రెండు మూడు వందల మందికి, ఎక్కువగా చదువుకున్న పట్టణవాసులకు, ఆన్‌లైన్ ప్రశ్నావళి పంపుతారు. మీరు ఇస్లామిక్ క్రౌడ్‌ఫండింగ్ వాడాలనుకుంటున్నారా అని అడుగుతారు. నమ్మకం ప్రభావం చూపిందనీ, వాడటం తేలికైతే ఉద్దేశం పెరిగిందనీ తేలుతుంది. మలేషియాలో వక్ఫ్ దాతల మీద, ఇండోనేషియాలో జకాత్ ఇచ్చేవాళ్ల మీద, వాయవ్య నైజీరియాలో చిన్న వ్యాపారుల మీద ఇదే పద్ధతి నడిచింది.

ఉద్దేశం అడిగి ప్రవర్తన తెలుసుకున్నామనుకోవడం పెద్ద పొరపాటు. రంజాన్ నెలలో దానం చేస్తావా అని ఒక ముస్లింను అడిగితే కాదని ఎవరంటారు? మతనిష్ఠ గురించి తనకు తాను మార్కులు వేసుకోమంటే తక్కువ ఎవరు వేసుకుంటారు? నిజంగా ఎంత ఇచ్చారు, మళ్లీ ఇచ్చారా, ఒకసారి మోసపోయాక ఆగిపోయారా అన్నవి ప్లాట్‌ఫారాల ఖాతాల్లో ఉన్నాయి. సాధారణ క్రౌడ్‌ఫండింగ్ సాహిత్యం ఆ ఖాతాల నుంచే మొదలైంది. ఈథన్ మోలిక్ 2014లో కిక్‌స్టార్టర్‌లోని 48,500 ప్రాజెక్టుల సమాచారం తీసుకుని పరిశీలించారు. వస్తువు ఇస్తామని మాటిచ్చినవాళ్లలో ముప్పాతికకు పైగా గడువు దాటించారనీ, ఉద్దేశపూర్వక మోసం మాత్రం అరుదనీ చూపించారు. ఆ ఒక్క పత్రం తర్వాతి పరిశోధనకు దారి వేసింది. ఇస్లామిక్ శాఖలో అలాంటి పునాది రాయి పడలేదు. లాంచ్‌గుడ్‌లో ప్రతి విజ్ఞప్తీ, ఎంత వచ్చిందన్న అంకెతో సహా అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. చూడాలనుకున్నవాడికి సమాచార కొరత లేదు.

లాంచ్‌గుడ్ మీద చూడదగ్గ సంగతులూ ఉన్నాయి. 2015లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతివారి చర్చిలు కాలిపోయినప్పుడు ఈ వేదిక మీద ముస్లింలు లక్ష డాలర్లకు పైగా పోగుచేశారు. 2017లో సెయింట్ లూయిస్ దగ్గర యూదుల శ్మశానంలో సమాధులు పడగొట్టినప్పుడు లక్షన్నర డాలర్లు దాటి వచ్చాయి. ఇతర మతస్థుల కోసం సాగిన ఈ దానాలు ఏ న్యాయసూత్రం కింద ఇచ్చారు, ఇచ్చినవాళ్లలో ముస్లిమేతరులు ఎందరు, అలాంటి విజ్ఞప్తులు సమాజాల మధ్య సంబంధాలను మార్చాయా? పట్టించుకుంటే ఒక పుస్తకమే అవుతుంది. మతనిష్ఠను అయిదు మార్కుల కొలబద్దతో కొలిచే పద్ధతికి ఇది అందదు.

2020లో కోవిడ్‌తో మసీదులు మూతపడ్డాక జకాత్, సదఖా ఫోన్లలోకి మళ్లాయి. పరిశోధన కూడా దాని వెంటే నడిచింది. ఇదే మూడోదశ అనుకోవచ్చు. జకాత్ ఎవరికివ్వాలో ఖురాన్ తొమ్మిదో అధ్యాయం అరవయ్యో వాక్యం చెబుతుంది. పేదలు, నిరుపేదలు, జకాత్ వసూలు చేసే సిబ్బంది, అప్పులపాలైనవాళ్లు మొదలైన ఎనిమిది వర్గాలున్నాయి. ఏడాది పాటు నిలవ ఉన్న సంపదలో రెండున్నర శాతం ఇవ్వాలి. ఇంత కచ్చితమైన నియమాలున్న దానాన్ని ప్లాట్‌ఫారం తన కమిషన్ కోసుకుని పంపవచ్చా, ఆ కమిషన్ సిబ్బంది వాటా కిందకు వస్తుందా అన్నది తేలిక ప్రశ్న కాదు.

ఆ ప్రశ్నను పత్రాల కంటే ముందు పత్రికలు బయటపెట్టాయి. 2022 జులైలో ఇండోనేషియా వారపత్రిక టెంపో, ఆ దేశంలో అతిపెద్ద స్వచ్ఛంద సేకరణ సంస్థల్లో ఒకటైన ఏసీటీ వ్యవహారాలను వెల్లడించింది. నాయకుల జీతాలు, కార్లు, డబ్బు దారి మళ్లించడం అన్నీ బయటికొచ్చాయి. నిర్వహణకు 13.7 శాతం తీసుకున్నామని సంస్థే ఒప్పుకుంది. 1980 నాటి ప్రభుత్వ నిబంధన ప్రకారం పది శాతమే గరిష్ఠం. సంస్థ ఇచ్చిన సమర్థన ఏమిటంటే, ఎనిమిది వర్గాల్లో సిబ్బంది ఒకటి కాబట్టి ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం, షరియా ప్రకారం తీసుకోవచ్చని. అది జకాత్‌కు వర్తించే వాదన. ఆ సంస్థ సేకరించినదంతా జకాత్ కాదు. ప్రభుత్వం అనుమతి రద్దు చేసింది. 2018లో కూలిన లయన్ ఎయిర్ విమాన మృతుల కుటుంబాల కోసం బోయింగ్ ఇచ్చిన నిధిని దుర్వినియోగం చేసిన కేసులో 2023 జనవరిలో వ్యవస్థాపకుడికి మూడున్నరేళ్ల జైలుశిక్ష పడింది.

నమ్మకం దానోద్దేశాన్ని పెంచుతుందని డజన్ల కొద్దీ అధ్యయనాలు తేల్చిన దేశంలోనే ఇది జరిగింది. ఆ అధ్యయనాలు నమ్మకాన్ని దాత మనసులోని భావంగా కొలిచాయి. ఆ నమ్మకానికి సంస్థ తగినదా కాదా అని కొలవలేదు. దాతకు నమ్మకం ఎక్కువ ఉండటం ఒక్కోసారి ప్రమాదమేనన్న మాట ఏసీటీ తర్వాతైనా పరిశోధన మధ్యలోకి రావాలి. ఆడిట్, వెల్లడి నియమాల గురించి రాసేవాళ్లు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నారు, అది ఆశపడదగ్గ మార్పు.

వక్ఫ్ మీద వచ్చిన పని కొంత లోతైనది. మలేషియాలో పడావు పడిన వక్ఫ్ భూముల్ని చందాలతో అభివృద్ధి చేయాలని ప్రతిపాదించిన పత్రాల వరస ఒకటుంది. నగదు వక్ఫ్ కొత్తదేం కాదు. ఒట్టోమన్ సామ్రాజ్యంలో 16వ శతాబ్దంలోనే దానిమీద గొడవ జరిగింది. అత్యున్నత మతాధికారి షేఖుల్ ఇస్లాం ఎబుస్సూద్ సరేనన్నాడు, పండితుడు బిర్గివీ కూడదన్నాడు. మురాత్ చిజాక్‌చా వంటి చరిత్రకారులు ఆ వక్ఫుల ఖాతాలు తిరగేసి ఎలా నడిచాయో రాశారు. నాలుగు వందల ఏళ్ల నాటి వక్ఫు లెక్కలు మనకు తెలిసినంతగా నాలుగేళ్ల నాటి ఆన్‌లైన్ వక్ఫు లెక్కలు తెలియవు. మలేషియా నమూనా తెలుగు నేలకు అలాగే పనికిరాదు కూడా. అక్కడ ఒక్కో రాష్ట్రానికి మత మండలి ఒక్కటే ధర్మకర్త, భూమి హక్కు తేట. తెలంగాణలో వక్ఫ్ భూముల్లో పెద్ద భాగం ఆక్రమణల్లో, కోర్టు వ్యాజ్యాల్లో ఉంది. హక్కు తేలని భూమి మీద చందా ఎవరిస్తారు?

బ్లాక్‌చెయిన్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 2018 ప్రాంతంలో బ్లాసమ్ ఫైనాన్స్, ఫిన్‌టెర్రా వంటివి సుకూక్‌కూ (ఇస్లామిక్ బాండ్లు) వక్ఫ్‌కూ దాన్ని జోడించే ప్రయత్నం చేశాయి. పత్రాల్లో అది సర్వరోగ నివారిణి అయింది. మార్చలేని ఖాతా మంచిదే, కాని అందులో మొదట ఎక్కించే సమాచారం అబద్ధమైతే ఆ అబద్ధమూ మార్చలేనిదే అవుతుంది. ఇక సాహిత్యం మీద సాహిత్యం, అంటే ఏ పదం ఎన్నిసార్లు వచ్చింది, ఎవరిని ఎవరు ఉదహరించారు అని రంగు రంగుల పటాలు గీసే పత్రాలు కూడా ఇప్పుడు బాగా వస్తున్నాయి. మలేషియా, ఇండోనేషియాలదే అగ్రస్థానమని అవన్నీ చెబుతాయి. ఆ రెండు దేశాలే ఎందుకన్నది అవి చెప్పవు. కారణం చాలావరకు చట్టాల్లో ఉంది. మలేషియా 2013లో ఇస్లామిక్ ఆర్థిక సేవల చట్టం తెచ్చింది, 2015లో ఆసియాన్ దేశాల్లో మొదటగా వాటాల క్రౌడ్‌ఫండింగ్‌కు నియమాలు ఇచ్చింది, 2016లో కొన్ని ఇస్లామిక్ బ్యాంకులు కలిసి పెట్టుబడి ఖాతా వేదిక మొదలుపెట్టాయి. ఇండోనేషియా 2016లో ఆన్‌లైన్ రుణ వేదికలకు నిబంధనలు పెట్టింది, 2018లో ఉలేమా మండలికి చెందిన జాతీయ షరియా బోర్డు వాటిమీద 117వ నంబరు ఫత్వా ఇచ్చింది. చట్టం, ఫత్వా కలిసి నడిచిన చోట సంస్థలు పుట్టాయి, సంస్థలున్న చోట పరిశోధన పుట్టింది. సాధారణ రుణాలతో పాటు షరియా రుణాలూ నడిపిన ఇన్‌వెస్ట్రీ అనుమతిని 2024 అక్టోబరులో ఇండోనేషియా నియంత్రణ సంస్థ రద్దు చేసింది. ఇలాంటి పతనాల మీద వచ్చే ఏళ్లలో రాసేవే ఈ రంగానికి అసలు పరీక్ష.

మన దేశంలో ఈ చర్చకు నేల ఇరుకు. కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేటుగా ఏడాదికి రెండు వందల మందికి మించి వాటాలు ఇవ్వజూపకూడదు. సెబీ 2014లో క్రౌడ్‌ఫండింగ్ మీద చర్చాపత్రం పెట్టింది, అది నిబంధనలుగా మారలేదు. రిజర్వ్ బ్యాంకు 2017లో ఆన్‌లైన్ రుణ వేదికలకు అనుమతి ఇచ్చినా అది అప్పు ఇచ్చే చట్రం, నష్టం పంచుకునే భాగస్వామ్యానికి అందులో చోటు లేదు. వడ్డీ లేని బ్యాంకింగ్‌ను 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సిఫారసు చేసినా, 2017లో ఆ ఆలోచన విరమించుకున్నామని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మిగిలింది దానం ఒక్కటే.

ఈ ఖాళీలోకి వేరేవాళ్లు వచ్చారు. హలాల్ లాభమంటూ వేలమంది నుంచి డబ్బు పోగుచేశారన్న ఆరోపణలపై హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూపు మీద 2018లో కేసులు, అరెస్టులు జరిగాయి. 2019లో బెంగళూరులో ఇదే తరహా పెట్టుబడి సంస్థ ఐఎంఏ కూలింది. హీరా గ్రూపు ఏటా 36 శాతానికి పైగా లాభం ఆశ చూపిందని దర్యాప్తు సంస్థలు చెప్పాయి. ముదారబా మూలసూత్రం తెలిసినవాళ్లకు ఆ మాటే ప్రమాద ఘంటికలా వినిపించాలి. లాభానికి ముందే హామీ ఇచ్చినప్పుడే అది ముదారబా కాకుండా పోయింది. ఆ బాధితుల్లో పింఛను డబ్బు పెట్టినవాళ్లు, కూతురి పెళ్లికి దాచింది పెట్టినవాళ్లు ఉన్నారు. వాళ్లు దేన్ని నమ్మారు, ఎవరు చెప్తే నమ్మారు, ఏ కాగితం చూశారు అన్న అధ్యయనం ఇస్లామిక్ క్రౌడ్‌ఫండింగ్ పరిశోధనకు ప్రపంచంలో ఎక్కడైనా పనికొస్తుంది.

హైదరాబాద్‌కు ఈ చర్చలో పాత హక్కే ఉంది. వడ్డీ లేని రుణ సంఘాలు ఇక్కడ 19వ శతాబ్దం చివర్లోనే నడిచాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పారిస్‌లో స్థిరపడిన ముహమ్మద్ హమీదుల్లా, ఇస్లామిక్ ఆర్థిక ఆలోచనకు హైదరాబాద్ చేసిన దోహదం గురించి 1955లో ఒక వ్యాసం రాశారు. ఉస్మానియాలో ఆర్థికశాస్త్ర శాఖ నడిపిన అన్వర్ ఇక్బాల్ ఖురేషీ వడ్డీ సిద్ధాంతం మీద 1940లలోనే పుస్తకం తెచ్చారు. ఆ సంఘాల్లో సభ్యులు ఒకరికొకరు తెలిసినవాళ్లు. ఎగవేత ఎంతో, ఖర్చులు ఎవరు భరించారో లెక్క దొరికేది. ఆన్‌లైన్‌లో పోయింది ఆ పరిచయమే. దాని స్థానంలో ఏం పెట్టాలన్నది ఇంకా తేలలేదు.

ఇక్కడే చేయగల ఒక పని ఉంది. రంజాన్ నెలలో ఆసుపత్రి ఖర్చుల కోసం జకాత్ అడిగే ఆన్‌లైన్ విజ్ఞప్తులు మన ఫోన్లలోకి కుప్పలుగా వస్తాయి. హైదరాబాద్ ముస్లింలలో ఎక్కువమంది అనుసరించే హనఫీ న్యాయసంప్రదాయం ప్రకారం జకాత్ డబ్బుకు పేదవాడు యజమాని కావాలి, అది అతని చేతికి అందాలి. ప్లాట్‌ఫారం ఆ డబ్బును నేరుగా ఆసుపత్రి ఖాతాకు పంపితే జకాత్ చెల్లినట్టేనా? రోగి చనిపోయాక మిగిలిన డబ్బు ఎవరిది? కావాల్సిన దానికంటే ఎక్కువ వస్తే దాన్ని ఇంకో రోగికి మళ్లించవచ్చా, అందుకు దాతను అడిగారా? అమెరికా పౌరసత్వం తీసుకున్న వ్యక్తి ఇచ్చే విరాళం విదేశీ విరాళాల చట్టం కిందకు వస్తుంది, గల్ఫ్‌లో పనిచేసే భారత పౌరుడు తన సంపాదన పంపితే రాదు. ఈ తేడా దాతలకు తెలుసా? ముఫ్తీలతో, ఆసుపత్రుల బిల్లింగ్ విభాగాలతో, డబ్బు అందుకున్న కుటుంబాలతో మాట్లాడితే ఏడాదిలో జవాబులు దొరుకుతాయి. మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఈ ఊళ్లోనే ఉన్నాయి. అడగవలసింది దాతను కాదు, ఆ డబ్బు అందిన రోగి ఇంటివాళ్లను.